నడుముకు కట్టుకునే కిడ్నీ ఎప్పుడొస్తుంది?

"మా నాన్నకు 54 ఏళ్లు. షుగర్ వల్ల రెండు కిడ్నీలూ పాడయ్యాయి. గుంటూరులో రెండు నెలల నుంచి వారానికి మూడుసార్లు డయాలసిస్ చేయిస్తున్నాం. నడుముకు కట్టుకునే కిడ్నీ అని, పంది కిడ్నీ అని, ఒంట్లో పెట్టే చిప్పు కిడ్నీ అని వీడియోలు వస్తున్నాయి. ఇవి నిజమేనా? నాన్న ఉండగా వస్తాయా? ఈ పనిలో ఉన్నవాళ్లు ఏం రావాలని కోరుకుంటున్నారు?" అని అడిగావు. డిగ్రీ ఆఖరు సంవత్సరం అన్నావు కాబట్టి తమ్ముడూ అనే పిలుస్తాను.

నేను విజయవాడలో డయాలసిస్ టెక్నీషియన్‌ని. ఈ పనిలోకి వచ్చి 23 ఏళ్లు. డాక్టర్‌ని కాను. నాన్నగారి మందుల విషయంలో ఆయన్ని చూస్తున్న నెఫ్రాలజిస్టు మాటే మాట. కానీ రోజూ ఆ యంత్రం పక్కన నిలబడేదాన్ని కాబట్టి ఏది రావాలో, వస్తుందన్నది ఎక్కడ ఆగిపోయిందో చెప్పగలను.

సూటిగా చెప్తాను. నడుముకు కట్టుకునే కిడ్నీ వస్తుందని నేను నమ్ముతున్నాను. కాకపోతే అది వస్తుందిలే అని ఇవాళ చేయాల్సిన పని ఒక్కటి కూడా వాయిదా వేయొద్దు. ఆ పనులేంటో చివర్లో రాస్తాను.

నాన్నగారి పక్కన ఉండే యంత్రాన్ని చూశావు కదా. రక్తం తిరిగే గొట్టాలు అందరికీ కనిపిస్తాయి. వెనక గోడలోంచి వచ్చే నీళ్ల పైపును ఎవరూ పట్టించుకోరు. అసలు కథంతా ఆ పైపులోనే ఉంది. నిమిషానికి అర లీటరు చొప్పున శుభ్రమైన ద్రవం డయలైజర్ అనే వడపోత గొట్టంలోకి వెళ్తూ ఉంటుంది. రక్తంలోని యూరియా, పొటాషియం, క్రియాటినిన్ అనే మలినం డయలైజర్ లోపలి సన్నని గొట్టాల గోడల్లోంచి ఆ ద్రవంలోకి జారిపోతాయి. ఆ ద్రవం డ్రైనేజీలోకి పోతుంది. నాలుగు గంటలకు 120 లీటర్లు. మీ డాబా మీద 500 లీటర్ల ట్యాంకు ఉందనుకో, నలుగురికి డయాలసిస్ చేసేసరికి అది అయిపోతుంది. ఆర్‌ఓ ప్లాంటు పారబోసే నీళ్లు ఇందులో కలపలేదు.

ఆరోగ్యంగా ఉన్న కిడ్నీలు రోజుకు సుమారు 180 లీటర్లు వడకడతాయి. అందులో లీటరున్నర, రెండు లీటర్లు మూత్రంగా వదిలి, మిగతాదంతా మళ్లీ రక్తంలోకే పంపేస్తాయి. వారంలో 168 గంటలుంటే 168 గంటలూ పనిచేస్తాయి. మేం చేసేది 12 గంటలు. మిగతా 156 గంటలు తాగిన నీళ్లు, తిన్న ఉప్పు, పండులోని పొటాషియం ఒంట్లోనే పేరుకుంటాయి. నాన్నగారు దాహమంటే మీరు గ్లాసు చేతికివ్వడానికి భయపడేది ఈ 156 గంటల గురించే. డయాలసిస్ అయ్యాక ఇంటికొచ్చి సాయంత్రం దాకా మంచం దిగలేకపోతున్నారని రాశావు. రెండు మూడు రోజుల నీటిని నాలుగు గంటల్లో లాగేస్తే ఒళ్లు అలాగే అయిపోతుంది. నెమ్మదిగా, రోజంతా, కిడ్నీలాగే లాగగలిగితే ఆ నీరసం చాలావరకు ఉండదు. నడుము కిడ్నీ మీద ఆశ అంతా అందుకే.

మనుషులకు పనికొచ్చిన మొదటి యంత్రం 1943లో వచ్చింది. నెదర్లాండ్స్‌లో కాంపెన్ అనే చిన్న ఊళ్లో విలెం కోల్ఫ్ అనే డాక్టర్, యుద్ధం నడుస్తుండగా, సాసేజ్‌లు చుట్టడానికి వాడే సెల్లోఫేన్ గొట్టాన్ని ఒక డ్రమ్ముకు చుట్టి ఉప్పునీళ్ల తొట్టిలో తిప్పాడు. ఆ యంత్రం వల్లే ప్రాణం నిలిచిందని చెప్పుకోదగ్గ మొదటి పేషెంటు 1945లో కోలుకుంది. ఆ తర్వాత 80 ఏళ్లలో అంతా మారింది. డ్రమ్ము స్థానంలో అరచేతిలో పట్టే డయలైజర్ వచ్చింది, తెర వచ్చింది, అలారాలు వచ్చాయి. నీళ్ల తొట్టి పైపుగా మారి గోడలోకి వెళ్లిందంతే. నడుముకు కట్టుకోవాలంటే ఆ నీళ్లే అడ్డం. 120 లీటర్లు మోసుకుని ఎవరు తిరుగుతారు?

కాబట్టి లీటరు లోపు ద్రవాన్నే శుభ్రం చేసుకుంటూ మళ్లీ మళ్లీ తిప్పాలి. క్రియాటినిన్ లాంటి వాటిని బొగ్గు పట్టుకుంటుంది. యూరియా బొగ్గుకు లొంగదు. దాన్ని ముందు యూరియేజ్ అనే ఎంజైమ్‌తో విడగొట్టాలి. పొలంలో యూరియా చల్లి వదిలేస్తే ముక్కుకు ఘాటు తగులుతుంది చూడు, మట్టిలో ఉండే యూరియేజ్ చేసే పనే అది. యూరియా విడిపోతే అమ్మోనియా, కార్బన్ డయాక్సైడ్ వస్తాయి. అమ్మోనియా రక్తంలోకి పోతే ప్రమాదం కాబట్టి జిర్కోనియం ఫాస్ఫేట్ పొడితో దాన్ని పట్టేస్తారు. 1970లలోనే ఈ పద్ధతి తెలుసు. ఇక కార్బన్ డయాక్సైడ్ మిగిలింది.

విక్టర్ గురా అనే డాక్టర్ బృందం తయారుచేసిన బెల్టు కిడ్నీని అమెరికాలో సియాటిల్‌లో ఏడుగురికి కట్టి చూశారు. బరువు ఐదు కిలోల లోపు. 24 గంటలు పెట్టుకోవాలని లెక్క. పెట్టుకున్నవాళ్లు లేచి నడిచారు, పథ్యం లేకుండా తిన్నారు. కానీ ఆ కార్బన్ డయాక్సైడ్ ద్రవంలో బుడగలు కట్టింది. ప్రవాహం తేడాలు వచ్చాయి. పది మందితో చేద్దామనుకున్న పరీక్షను ఏడో మనిషి తర్వాత ఆపేశారు. ఆ ఫలితాలు 2016లో అచ్చయ్యాయి. నువ్వు చూసిన వీడియోల్లో బెల్టు కనిపిస్తుంది, బుడగలు కనిపించవు. సింగపూర్‌లో, నెదర్లాండ్స్‌లో ఇదే చిక్కుముడిని వేర్వేరు వైపుల నుంచి విప్పుతున్నారు. అది విప్పలేనిదేం కాదనే నా నమ్మకం.

నీళ్ల పైపు లేని యంత్రం కావాలని నేను ఎందుకింత గట్టిగా కోరుకుంటున్నానో చెప్పాలంటే 2024 సెప్టెంబరు చెప్పాలి.

ఆగస్టు 31, శనివారం, రోజంతా వాన. ఆదివారం తెల్లారేసరికి బుడమేరు వాగు సింగ్ నగర్ మీద పడింది. సోమవారానికి ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ 11 లక్షల క్యూసెక్కులు దాటి పోతోంది. పాయకాపురం, రాజరాజేశ్వరిపేట, వాంబే కాలనీ, కండ్రిక, అన్నీ నీళ్లలోనే. మా సెంటర్ ఉన్న వైపు మునగలేదు. కానీ మా పేషెంట్లలో తొమ్మిది మంది ఆ నీళ్లలో ఉన్నారు. నా ఫోన్‌లో ఉన్న తొమ్మిది నంబర్లూ వరుసగా కొట్టాను. ఐదు స్విచాఫ్. కరెంటు లేదు, చార్జింగ్ లేదు.

వాంబే కాలనీలో ఉండే ఒక ఆటో డ్రైవరు శనివారం రావాల్సినవాడు వానకు రాలేదు. మంగళవారమూ రాలేదు. బుధవారం సాయంత్రం పడవ మీద సింగ్ నగర్ ఫ్లైఓవర్ దాకా వచ్చి, అక్కడి నుంచి ఎవరో బండి మీద ఎక్కించుకొస్తే వచ్చాడు. అప్పటికి డయాలసిస్ అయి ఆరు రోజులు. తడిసిన లుంగీతోనే బరువు చూస్తే ఏడు కిలోలు పెరిగాడు. పడుకోబెడితే ఊపిరి అందడం లేదు, కూర్చోబెట్టి, మంచం తల వైపు పూర్తిగా లేపి మొదలుపెట్టాం. వెన్ను నిమురుతూ భార్య నిలబడింది. మొదటి గంట ఆ మనిషి మాట్లాడలేదు. రెండో గంటలో, "అక్కా, నీళ్లలో ఉండి నీళ్లు తాగకుండా ఉన్నాను. అయినా ఇట్టా వచ్చింది" అన్నాడు. నాలుగు రోజులు అందిన పొట్లాల్లో ఏది వస్తే అది తిన్నాడు, ఉప్పు చూసుకునే పరిస్థితి కాదు. గుక్క గుక్క లెక్కపెట్టుకునే తాగాడు. ఆ మాట ఇప్పటికీ నాకు చెవుల్లో ఉంది.

ఆ వారం మా దగ్గరా ఇబ్బందే. వచ్చే నీళ్లు బురదగా ఉంటే ఆర్‌ఓ ముందుండే ఫిల్టర్లు గంటల్లో మూసుకుపోయేవి. ట్యాంకర్ కోసం ఫోన్లు చేస్తూ, ఒక చేత్తో బీపీ చూస్తూ గడిపాం. పక్క జిల్లా నుంచి రోడ్లు తెగి రాలేని వాళ్లు వేరే. ఒక్కొక్కరికి 120 లీటర్లు, కరెంటు, మంచం, నాలుగు గంటలు: ఇవన్నీ కలిసొస్తేనే మా వైద్యం సాగుతుందని నాకు అంతకుముందు కూడా తెలుసు. ఆ వారం ఒంటితో తెలిసింది.

ఇంకో మనిషి సంగతి కూడా చెప్పాలి. పాయకాపురంలో మేడ మీద ఉండే రిటైరైన టీచరుగారు. ఆవిడది పొట్టలోంచి చేసుకునే డయాలసిస్, పెరిటోనియల్ డయాలసిస్ అంటారు. పొట్టలోకి మెత్తని గొట్టం ఒకటి శాశ్వతంగా పెడతారు. రెండు లీటర్ల ద్రవం సంచిని పైన తగిలిస్తే లోపలికి దిగుతుంది. కొన్ని గంటలుంచి కిందికి వదిలేస్తే మలినాలతో బయటికొస్తుంది. రోజుకు నాలుగుసార్లు. మన పేగుల చుట్టూ ఉండే పొరే వడపోత గుడ్డ. యంత్రం అక్కర్లేదు, కరెంటు అక్కర్లేదు. ఆ ఐదు రోజులూ ఆవిడ కిటికీ ఊచకు సంచి తగిలించుకుని, కొవ్వొత్తి వెలుగులో, బాటిల్ నీళ్లతో సబ్బు పెట్టి చేతులు కడుక్కుని, ముక్కుకు మాస్కు కట్టుకుని, ఒక్క పూట కూడా తప్పకుండా చేసుకున్నారు. ఇంట్లో మూడు వారాలకు సరిపడా పెట్టెలు పేర్చి ఉన్నాయి. నీళ్లు తగ్గాక నాకే ఫోన్ చేసి, "మీ పేషెంట్లంతా వచ్చారా అమ్మా?" అని అడిగారు.

ఈ పద్ధతిని 1976లో అమెరికాలో పొపోవిచ్, మాన్‌క్రీఫ్ అనే ఇద్దరు మొదలుపెట్టారు. అంటే యాభై ఏళ్ల నాటిది. అయినా మన దగ్గర చాలా కుటుంబాలకు ఇలాంటిది ఒకటుందని మొదటి రోజు ఎవరూ చెప్పరు. ఇది అందరికీ సరిపడదు. చెయ్యి శుభ్రం తప్పితే పొట్టలో ఇన్‌ఫెక్షన్ వస్తుంది, అది ప్రమాదం. ద్రవంలో చక్కెర ఉంటుంది కాబట్టి షుగర్ ఉన్నవాళ్లకు మందు సర్దాలి. పాత ఆపరేషన్లు ఉంటే కుదరకపోవచ్చు. ఇంట్లో పెట్టెలు పెట్టుకునే చోటు, ఖర్చు కూడా చూసుకోవాలి. కానీ నాన్నగారికి కుదురుతుందా అని అడగడానికి ఏ ఆవిష్కరణ కోసమూ ఆగక్కర్లేదు. ఈ వారమే అడుగు. నిజానికి నడుము కిడ్నీ ముందుగా ఈ దారినే వస్తుందేమో అని నా అంచనా. పొట్టలోకి దించిన ద్రవాన్నే చిన్న పెట్టెలో శుభ్రం చేసి తిప్పితే రక్తాన్ని బయటికి తీయాల్సిన పనే ఉండదు కదా. సింగపూర్ వాళ్లు పట్టుకున్న దారి ఇదే.

ఇక చిప్పు కిడ్నీ. అమెరికాలో కాలిఫోర్నియాలో శువో రాయ్, వాండర్‌బిల్ట్ యూనివర్సిటీలో విలియం ఫిసెల్ కలిసి చేస్తున్న పని అది. సిలికాన్ పలక మీద కంటికి కనిపించనంత సన్నని చీలికలు పెడతారు, అది వడపోత. దాని పక్కన గదిలో బతికున్న కిడ్నీ కణాలు పెంచుతారు, అవి పనికొచ్చేదాన్ని వెనక్కి పంపిస్తాయి. పంపు లేదు, బ్యాటరీ లేదు, గుండె కొట్టే ఒత్తిడితోనే నడవాలని వాళ్ల ఆలోచన. 2023లో ఆ కణాల గదిని పందుల్లో పెడితే ఏడు రోజులు పనిచేసింది, ఒళ్లు దాన్ని తిప్పికొట్టలేదు. ఏడు రోజుల నుంచి ఏడేళ్లకు పోవాలి. మనుషుల దాకా రావడానికి చాలా మెట్లున్నాయి. నాన్నగారి విషయంలో దీన్ని లెక్కలోకి తీసుకోవద్దు.

పంది కిడ్నీ అంతకంటే ముందుంది. పంది కణాల మీద ఉండే కొన్ని రకాల చక్కెరలను చూడగానే మన ఒళ్లు నిమిషాల్లో దాడి చేస్తుంది. అందుకని ఆ చక్కెరలు తయారుచేసే మూడు జన్యువులు తీసేసి, ఏడు మనిషి జన్యువులు చేర్చి, పంది జన్యువుల్లో దాక్కుని ఉండే 59 వైరస్ ముక్కల్ని పనిచేయకుండా చేశారు. మొత్తం 69 మార్పులు. అలాంటి కిడ్నీని 2024 మార్చిలో బోస్టన్‌లో 62 ఏళ్ల మనిషికి పెట్టారు. మూత్రం వచ్చింది, డయాలసిస్ ఆగింది. రెండు నెలలకు ఆయన చనిపోయారు, కిడ్నీ వల్ల కాదని ఆసుపత్రి చెప్పింది. తర్వాత న్యూయార్క్‌లో ఒకావిడకు ఇంకో రకంగా మార్చిన పంది కిడ్నీ 130 రోజులు పనిచేసింది, ఒళ్లు తిప్పికొట్టడంతో తీసేశారు. బోస్టన్‌లోనే ఇంకొకరికి 271 రోజులు. రెండు నెలలు, నాలుగు నెలలు, తొమ్మిది నెలలు. ఈ వరుస చూస్తే నాకు ధైర్యంగా ఉంది. వాళ్లంతా ఎలా ముగుస్తుందో తెలియకుండానే ఒళ్లు అప్పగించిన మనుషులు. మా గదిలో ఉండే వాళ్లలాంటి వాళ్లే. వాళ్ల గురించి చదివినప్పుడల్లా దణ్ణం పెట్టాలనిపిస్తుంది.

ఇప్పుడు నేను అన్నిటికంటే ముందు కోరుకునేది చెప్తాను. దాని మీద వీడియోలు పెద్దగా రావు. ఇంట్లో పొటాషియం చూసుకునే మీటరు.

షుగర్ మీటరు ఇవాళ మంగళగిరిలో కిరాణా కొట్టు నడిపే పెద్దమ్మ దగ్గరా ఉంది. వేలికి సూది, చుక్క రక్తం, ఐదు సెకన్లలో అంకె. పొటాషియానికి అలాంటిది ఇంటింటా లేదు. డయాలసిస్ పేషెంట్లను హఠాత్తుగా తీసుకుపోయేది మాత్రం చాలాసార్లు పొటాషియమే. మామూలుగా 3.5 నుంచి 5 మధ్య ఉండాలి. ఆరు దాటితే భయం, ఏడు దాటితే గుండె ఏ నిమిషాన ఆగుతుందో చెప్పలేం. వారంలో రెండు డయాలసిస్‌ల మధ్య ఒక రోజు ఎడం ఉంటుంది, ఒక్కసారి మాత్రం రెండు రోజులు. ఆ రెండు రోజుల ఎడం తర్వాతే మరణాలు ఎక్కువని 2011లో అమెరికాలో పెద్ద లెక్క తీశారు. మాకు ఆ లెక్క ముందే తెలుసు. సోమవారం పొద్దున ఆరింటి షిఫ్టుకు మంచం ఖాళీగా ఉంటే ఫోన్ చేస్తాం. కొన్నిసార్లు అవతల ఫోన్ ఎత్తేది పేషెంటు కాదు, వాళ్లబ్బాయి. గొంతు వినగానే అర్థమైపోతుంది.

ఒక ఏప్రిల్‌లో గొల్లపూడి వైపు నుంచి వచ్చే పెద్దాయన గోడ పట్టుకుని నడుస్తూ వచ్చాడు. "కాళ్లు నావి కాదన్నట్టున్నాయమ్మా" అన్నాడు. ఏం తిన్నారు బాబాయ్ అంటే, ఎండకు తట్టుకోలేకపోతున్నాడని కూతురు రెండు కొబ్బరి బొండాలు కొట్టించి ఇచ్చిందట. చలవ చేస్తుందని ప్రేమతో ఇచ్చింది పాపం. ఈసీజీ తీస్తే గీతలో అలలు గుడారాల్లా కోసుగా లేచి ఉన్నాయి. డాక్టర్‌గారు పరిగెత్తుకొచ్చి కాల్షియం ఇంజెక్షన్ ఇస్తుండగానే నేను సూదులు పెట్టాను. చెయ్యి వణకలేదుగానీ లోపల వణికింది. రిపోర్టు తర్వాత వచ్చింది, 7.9. ఆయన బతికాడు. ఆ ఆదివారం సాయంత్రం ఇంట్లో ఆ అంకె కనిపించి ఉంటే ఆ కూతురు రాత్రికే తీసుకొచ్చేది.

మరి మీటరు ఎందుకు రాలేదు? ఎర్ర రక్తకణాల లోపల పొటాషియం బయటి కంటే సుమారు 30 రెట్లు ఉంటుంది. వేలిని కాస్త గట్టిగా పిండితే కణాలు చిట్లి లోపలిదంతా బయటికొస్తుంది. అసలు 4.8 ఉన్న మనిషికి 6.5 చూపిస్తుంది. గ్లూకోజుకు ఈ తంటా లేదు. అందుకే అంత తేలికైన పని ఇంత కష్టమైంది. రక్తం తీయకుండా, ఈసీజీ గీతను కంప్యూటర్‌తో చదివించి పొటాషియం పెరిగిందని పట్టే పనిని మేయో క్లినిక్ వాళ్లు చేసి చూశారు. చేతి గడియారమే ఈసీజీ తీస్తున్న రోజుల్లో ఉన్నాం. ఆదివారం రాత్రి గడియారం మోగి "ఇప్పుడే ఆసుపత్రికి వెళ్లు" అని తెలుగులో చెప్తే, నా లెక్కలో పంది కిడ్నీ కంటే అదే ముందు ఎక్కువ ప్రాణాలు కాపాడుతుంది. అది వచ్చేదాకా కూరగాయలు చిన్న ముక్కలుగా తరిగి, ఎక్కువ నీళ్లలో ఉడికించి, ఆ నీళ్లు పారబోసి వండండి. కొబ్బరి నీళ్లు, అరటిపండు, పండ్ల రసాలు డైటీషియన్‌ని అడగకుండా వద్దు. ఉప్పు తగ్గించమన్నారని కొందరు బజార్లో తక్కువ సోడియం ఉప్పు కొంటారు. అందులో సోడియం బదులు కలిపేది పొటాషియమే. నాన్నగారికి అది అసలు వద్దు.

సూదుల సంగతి రెండు ముక్కల్లో. వారానికి ఆరు సూదులు, ఏడాదికి మూడొందలు పైన. సూదులు పెట్టడానికి చేతిలో ధమనిని సిరతో కలిపి చేసే ఫిస్టులా మూసుకుపోతే మెడలో పైపు, పైపుతో ఇన్‌ఫెక్షన్లు. మనిషి కణాలతో పెంచి, తర్వాత ఆ కణాల్ని కడిగేసి తయారుచేసిన రక్తనాళానికి 2024 డిసెంబరులో అమెరికాలో అనుమతి వచ్చింది. ప్రస్తుతం గాయాల్లో తెగిన నాళాల కోసమే. డయాలసిస్ చేతికి వాడే పరీక్షలు కూడా జరిగాయి. నరాలన్నీ అయిపోయిన పేషెంట్లకు అది వస్తే నాకు పండగే.

ఇక్కడిదాకా నాన్నగారి గురించి. ఇప్పుడు నీ గురించి, మీ చెల్లి గురించి. మందుల్లో అసలు మార్పు ఇప్పటికే వచ్చేసింది, మనవాళ్లకు కబురే ఆలస్యంగా చేరుతోంది. 1835లో ఆపిల్ చెట్టు బెరడులోంచి ఫ్లోరిజిన్ అనే పదార్థం తీశారు. అది చక్కెరను మూత్రంలోకి పంపిస్తుందని తర్వాత తేలింది. ఆ కుటుంబం నుంచే డపాగ్లిఫ్లోజిన్ లాంటి షుగర్ మందులు పుట్టాయి. 2020లో 4,304 మంది కిడ్నీ పేషెంట్ల మీద దాన్ని పరీక్షించారు. కిడ్నీ బాగా దెబ్బతినడం, డయాలసిస్ దాకా పోవడం, కిడ్నీ వల్లో గుండె వల్లో చనిపోవడం, ఇవన్నీ కలిపి 39 శాతం తగ్గాయి. షుగర్ లేనివాళ్లలో కూడా. అదే ఏడాది మన దేశంలో పేటెంటు ముగిసి చాలా కంపెనీలు తయారుచేయడంతో ధర దిగింది. ఈ మందు పనిచేయాలంటే జబ్బు ముందే తెలియాలి. రక్తంలో క్రియాటినిన్ నార్మల్‌గా ఉందని అందరూ ధైర్యంగా ఉంటారు. కిడ్నీ పని సగం పోయేదాకా అది పెద్దగా కదలదు. ముందుగా చెప్పేది మూత్రంలో ఆల్బుమిన్ అనే ప్రొటీన్ పోతోందేమో చూసే పరీక్ష. ఆల్బుమిన్, క్రియాటినిన్ నిష్పత్తి 30 లోపు ఉండాలి. ఇద్దరూ ఆ పరీక్ష, బీపీ, షుగర్ ఒకసారి చూపించుకోండి.

ఎ.కొండూరు మండలం తండాల నుంచి మా దగ్గరికి వచ్చేవాళ్లను చూస్తే ఇంకో కోరిక కూడా పుడుతుంది. వాళ్లలో చాలామందికి షుగర్ లేదు, బీపీ లేదు. ఎండలో పనిచేసే రైతులు, కూలీలు. శ్రీకాకుళం ఉద్దానంలో ఉన్నలాంటి జబ్బే. మూత్రంలో ఆల్బుమిన్ కూడా అంతగా పోదు కాబట్టి నేను చెప్పిన పరీక్షకూ తొందరగా చిక్కరు. అలాంటి కిడ్నీ దెబ్బను మొదటి నెలల్లోనే పట్టే కాగితపు పట్టీ ఒకటి, ఆశా కార్యకర్త సంచిలో పట్టేది, పది రూపాయల్లో వచ్చేది కావాలి. నలభై ఏళ్ల మనిషిని భార్య, పదేళ్ల కొడుకు చెరో చెయ్యి పట్టుకుని మా గదిలోకి తీసుకొస్తుంటే ఆ పట్టీ కనిపెట్టేవాళ్ల కోసం నా మనసు ఎదురుచూస్తుంది.

ఇక వాయిదా వేయొద్దన్న పనులు. 54 ఏళ్లంటే కిడ్నీ మార్పిడికి పెద్ద వయసేం కాదు. గుండె పరీక్షలు చేయించి, మార్పిడికి పనికొస్తారా అని డాక్టర్‌ని అడగండి. అవునంటే, దాతల కిడ్నీలు కేటాయించే ప్రభుత్వ పథకం జీవన్‌దాన్‌లో ఆసుపత్రి ద్వారా పేరు నమోదు చేయించండి. వరుసలో మన చోటు నమోదయ్యాకే మొదలవుతుంది. అమ్మగారు ఇస్తానన్నా బ్లడ్ గ్రూపు కలవలేదని రాశావు. అక్కడితో అయిపోలేదు. 2011లో చట్టం సవరించాక, ఇలాగే కలవని ఇంకో కుటుంబంతో ఇచ్చిపుచ్చుకోవచ్చు, స్వాప్ అంటారు. గ్రూపు కలవకపోయినా చేసే పద్ధతీ ఉంది, ఖర్చెక్కువ. రెండూ అడగండి. హెపటైటిస్ బి టీకాలు పడ్డాయో లేదో ఫైలులో చూడు. డయాలసిస్‌కీ డయాలసిస్‌కీ మధ్య పెరిగే బరువు ఒక నోటుపుస్తకంలో రాయి. నాన్నగారి మీద కేకలేయడానికి కాదు, ఏ రోజు ఎందుకు పెరిగిందో ఇద్దరూ కూర్చుని చూసుకోవడానికి.

ఫిస్టులా వేసిన చేతికి బీపీ పట్టీ కట్టనివ్వొద్దు, రక్తం తీయనివ్వొద్దు, వాచీ పెట్టనివ్వొద్దు, ఆ చేతి మీద తల పెట్టి పడుకోనివ్వొద్దు. రోజూ పొద్దున కాఫీ ఇచ్చేటప్పుడు ఆ మణికట్టు పైన నీ వేళ్లు ఆనించి చూడు. లోపల జుయ్‌మని సన్నగా అదురుతూ ఉంటుంది. మా పేషెంట్లు దాన్ని "కరెంటు" అంటారు. ఎలా ఉంటుందో ఈ వారమే వేళ్లకు అలవాటు చేసుకో. ఏ రోజైనా అది తగలకపోతే తర్వాతి డయాలసిస్ దాకా ఆగొద్దు. అర్ధరాత్రయినా సరే, అప్పుడే సెంటర్‌కు ఫోన్ చెయ్యి.